పడటం నేర్పేవాడు

కౌలాలంపూర్‌లో ఎండ మండిపోతున్న ఒక శనివారం మధ్యాహ్నం, ఒక షాపింగ్ మాల్ అయిదో అంతస్తులో, అనూహ్య అనే అమ్మాయిని ఒకతను పడమని బతిమాలుతున్నాడు. బతిమాలడం అన్నది మర్యాదకు వాడిన మాట. నిజానికి అరుస్తున్నాడు.

"జస్ట్ ఫాల్ లా, మిస్! టు ద సైడ్! సింపుల్!" మాట చివర 'లా' తగిలించడం ఇక్కడివాళ్ల అలవాటు.

అనూహ్య పడలేదు. ఎందుకు పడుతుంది? కరీంనగర్‌లో పుట్టి, హైదరాబాద్‌లో చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద మూడు నెలల కిందట మలేషియా వచ్చిన పిల్ల. డిసెంబరులో టీమ్ మొత్తాన్ని జపాన్ తీసుకెళ్లి మంచుకొండల మీద స్కీయింగ్ చేయిస్తామని ఆఫీసు వాళ్లు చెప్పారు. అందరూ అక్కడ దబ్బున పడుతుంటే తనొక్కతే సర్రున జారుకుంటూ వెళ్లాలని ఆమె ప్లాను. అందుకే ఈ సెంటర్లో చేరింది.

మంచే లేని దేశంలో స్కీయింగ్ ఎలా నేర్పుతారని అడగొచ్చు. ఏటవాలుగా పెట్టిన పెద్ద కార్పెట్ ఒకటి కిందనుంచి పైకి తిరుగుతూ ఉంటుంది, జిమ్‌లో ట్రెడ్‌మిల్ లాగా. దాని మీద మనిషి కిందికి జారుతుంటాడు. ఎంత జారినా ఉన్నచోటే ఉంటాడు. ఇదీ ఏర్పాటు. ఇప్పుడైతే ఆ కార్పెట్ కూడా ఆగే ఉంది. ఆగి ఉన్న కార్పెట్ మీద నిలబడ్డ మనిషిని పడమంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

"వీనికి దిమాక్ ఖరాబైనట్టుంది," అని గొణిగింది అనూహ్య. "నిలబడుడు నేర్పమంటే పడుమంటడేంది!"

అతను అరవడం మానేశాడు. తల ఒక పక్కకు వంచి అడిగాడు. "దిమాక్ అంటే ఏటి?"

అనూహ్య గుండె జారి బూట్లలో పడింది. "మీరు... తెలుగా?"

"తెలుగే. మా ముత్తాత వాళ్లు శ్రీకాకుళం నుంచి వచ్చినారు, రబ్బరు ఎస్టేటుకి. మా ఊరు తెలుక్ ఇంటాన్, ఇక్కడిదే. పేరు దేవన్. మిగతాదంతా తెలిసింది. దిమాక్ ఒక్కటే తెలీలేదు."

"దిమాక్ అంటే... ధైర్యం."

"ఖరాబ్?"

"చాలా ఎక్కువ."

"థాంక్స్," అన్నాడు దేవన్ నిజంగానే సంతోషించి. "ఇప్పుడు నువ్వు పడు."

"మొదటి రోజే నువ్వా?"

"మరేటనాల?"

"మీరు అనాలె."

"మా ఇంట్లో గుడి అయ్యగారిని ఒక్కరినే మీరు అంటాం. నువ్వు అయ్యగారివా?"

ఇతనితో వాదించడం కన్నా పడటమే తేలికని అనూహ్య పడింది. తప్పుగా పడింది. రెండు చేతులూ ముందుకు చాపింది. దేవన్ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆ చేతుల్ని చూశాడు, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు.

"సూసినావా? మనిషి పడితే ముందు సేతులు పోతాయి. అక్కడే ఎముక ఇరుగుతాది. బోర్డు ఎక్కే వాళ్లకి మణికట్టు, స్కీ వేసుకునే వాళ్లకి మోకాలు, సేతి బొటనవేలు. సేతులు దగ్గరికి లాక్కో. పక్కకి పడు. సేతిలో కర్రలు, ఈ పోల్స్, వదిలేయ్. జారడం ఆగేదాకా లేవకు. ఈ నాలుగూ వస్తే జపాన్ ఏటి, ఎక్కడికైనా పో."

ఆ రోజు ఆమె ఇరవై రెండుసార్లు పడింది. ఒక్కసారి కూడా జారలేదు.

* * *

రెండో శనివారం గొడవ బరువు దగ్గర వచ్చింది. దేవన్ చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని, బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు దగ్గర కూర్చున్నాడు.

"బరువెంత?"

"యాభై రెండు."

అతను తలెత్తి ఆమెను చూశాడు. ఆ చూపులో మరే ఉద్దేశమూ లేదు. కూరగాయల కొట్టువాడు గుమ్మడికాయను చూస్తాడే, అలా చూశాడు. అందుకే ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

"నిజం బరువు సెప్పు."

"అదే నిజం."

"ఈ స్క్రూ నీ బరువుని బట్టి తిప్పాల. నువ్వు పడితే బూటు ఊడిపోవాల. ఊడకపోతే మోకాలు మెలిపడతాది. తక్కువ సెప్తే ఊరికే ఊడతాది, అప్పుడూ పడతావు. నాకు సెప్పకపోయినా ఫర్వాలేదు. స్క్రూకి సెప్పు."

అనూహ్య అటూ ఇటూ చూసి, వంగి, స్క్రూకి చెప్పింది. "యాభై తొమ్మిది."

దేవన్ నవ్వలేదు. స్క్రూ తిప్పాడు. ఆ నవ్వకపోవడం ఆమెకు నచ్చింది. ఇంటికి వెళ్లేదాకా ఎందుకు నచ్చిందా అని ఆలోచించింది.

అదే రోజు దేవన్ తన మేనేజర్ విమలన్‌తో, "ఈ తెలుగు మిస్ నన్ను దిమాక్ ఖరాబ్ అంది," అని గొప్పగా చెప్పుకున్నాడు. పక్క కార్పెట్ మీద నేర్చుకుంటున్న ఒక హైదరాబాద్ కుర్రాడు అది విని హెల్మెట్‌లోంచే పగలబడి నవ్వి, అసలు అర్థం చెప్పేశాడు. దేవన్ తిన్నగా అనూహ్య దగ్గరికి వచ్చాడు.

"ధైర్యం కాదంట."

"సారీ."

"పర్లేదు. నిన్న మా అమ్మని కూడా అన్నాను. మెచ్చుకుందామని."

అనూహ్య నవ్వు ఆపుకోలేక కూలబడింది. చేతులు దగ్గరికి లాక్కుని, పక్కకి, పద్ధతిగానే కూలబడింది. "ఇది కరెక్ట్ ఫాల్!" అని దేవన్ చప్పట్లు కొట్టాడు.

బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో ఆమెతో పాటు ఫ్లాట్‌లో ఉండే గుంటూరు అమ్మాయి మధులికకు ఈ సంగతులన్నీ వారం వారం అందుతూనే ఉన్నాయి. "ఏంటే, శనివారం వస్తే అలారం లేకుండా లేస్తున్నావు. పడ్డావా?" అని అడిగింది.

"ఇరవైసార్లు," అంది అనూహ్య. మధులిక అడిగింది అది కాదని ఆమెకూ తెలుసు.

* * *

మూడో శనివారం క్లాసు అయ్యేసరికి వాన మొదలైంది. ఇక్కడి వాన కబురు పెట్టి రాదు. ఎవరో పైనుంచి బకెట్ బోర్లించినట్టు కురిసి, మోనోరైల్ స్టేషన్ దాకా ఉన్న దారంతా కాలువ చేసింది. మాల్ గుమ్మంలో అనూహ్య నిలబడిపోతే, దేవన్ గొడుగు తెచ్చాడు. ఒకటే గొడుగు. ఆమె వైపు ఎక్కువ వంచి పట్టుకుని, తను సగం తడుస్తూ, కింద టైల్స్ చూపించాడు.

"చిన్న అడుగులు వెయ్యి. మోకాళ్లు కాస్త వంచు. జారితే సేతులు..."

"చాపకూడదు. తెలుసు. మీరు ఇంట్లో కూడా గిట్లనే మాట్లాడ్తరా?"

"మా అమ్మ బాత్‌రూమ్‌లో నాలుగు రబ్బరు మ్యాట్లు ఏయించినాను."

ఆమె నవ్వింది. అతను ఆ నవ్వును రెండు క్షణాలు ఎక్కువ చూసి, స్తంభానికి గుద్దుకోబోయి ఆగాడు. దెబ్బలు తగలకుండా కాపాడటమే పనిగా పెట్టుకున్న మనిషి స్తంభాన్ని చూడలేదంటే సంగతి కాస్త ముదిరిందనే అనుకోవాలి.

"మంచు మీద జారితే ఎట్లుంటది? ఈ కార్పెట్ లెక్కనే ఉంటదా?" అని అడిగింది.

దేవన్ గొడుగును ఇంకో చేతికి మార్చుకున్నాడు. "తెలీదు," అన్నాడు. "నేను మంచు సూడలేదు."

"అంటే?"

"సూడలేదు. నాలుగేళ్లుగా నేర్పుతున్నాను. పుస్తకాలు సదివినాను, వీడియోలు సూసినాను, జపాన్ నుంచి వచ్చిన పెద్ద కోచ్ దగ్గర నేర్చుకున్నాను, ఈ కార్పెట్ మీదే. నిజం మంచు సూడలేదు."

ఆమెకు నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. అప్పుడు అతను అసలు విషయం చెప్పాడు. జపాన్‌లో ఆ పెద్ద కోచ్‌కు సొంతంగా ఒక చిన్న స్కీ బడి ఉంది. ఈ శీతాకాలం నాలుగు నెలలు అక్కడికి వచ్చి నేర్పమని దేవన్‌ను పిలిచాడు. ఒకటే షరతు. ఏడాది మొత్తంలో దేవన్ నిర్లక్ష్యం వల్ల ఏ విద్యార్థికీ దెబ్బ తగల్లేదని సెంటర్ మేనేజర్ ఉత్తరం రాసివ్వాలి. ఏడాది నిండటానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది.

"ఈ పద్దెనిమిది రోజులు ఎవరికీ ఏటీ కాకపోతే సాలు. మంచు సూస్తాను," అన్నాడు దేవన్. వానలో అతని ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ఉంది. ఇతనికి మంచు దొరకాలని ఆ క్షణంలో ఆమె గట్టిగా కోరుకుంది. తన జపాన్ ట్రిప్ గురించి కూడా ఆమె అంత గట్టిగా ఎప్పుడూ కోరుకోలేదు.

* * *

నాలుగో శనివారం అనూహ్య బ్రహ్మాండంగా జారుతోంది. కుడికి తిరిగింది, ఎడమకు తిరిగింది. కాళ్లు వణుకుతున్నాయన్న సంగతి ఆమెకు తెలియలేదు. దేవన్‌కు తెలిసింది. అలసిన కాళ్లే దెబ్బలు తెస్తాయని, "ఇంకొక్క రౌండ్" అన్నవాళ్లే ఆసుపత్రికి వెళ్తారని అతని గట్టి నమ్మకం. అప్పటిదాకా క్లాసులన్నీ టైమర్ మోగితే ఆగేవి. ఆ రోజు టైమర్‌కు ఇంకా పది నిమిషాలుంది. అతను రిమోట్ చేత్తో పట్టుకుని గట్టిగా అరిచాడు.

యంత్రం హోరులో, హెల్మెట్ లోపల, ఆమెకు ఒక్క మాటే వినబడింది. "పోదాం! పోదాం!"

సరే, పోదాం అనుకుంది. ఊళ్లో సినిమాకు బయలుదేరినంత హుషారుగా ముందుకు వంగి, రెండు పోల్స్‌తోనూ బలంగా తోసింది. సరిగ్గా అప్పుడే దేవన్ కార్పెట్ వేగం తగ్గించాడు. ఆమె జోరుకూ కార్పెట్ నిదానానికీ పొత్తు కుదరలేదు. ముందుకు తూలింది. నేర్చుకున్నదంతా గుర్తొచ్చింది, ఒక్కటి తప్ప. పక్కకి పడింది, చేతులు లాక్కుంది, పోల్ మాత్రం వదల్లేదు. కుడిచేతి బొటనవేలు ఆ కర్రకు తగులుకుని వెనక్కి మెలిపడింది.

లిగమెంట్ సగం తెగిందని డాక్టరు చెప్పాడు. ఆరు వారాలు పట్టీ. ఈ చలికాలం స్కీయింగ్ మాటే వద్దన్నాడు.

ఆసుపత్రి వరండాలో దేవన్ ముఖం తెల్లబోయి ఉంది. భయంతోనే అరిచాడు. "ఆపమని సెప్పినాను కదా! ఎందుకు తోసినావు?"

"ఆపమన్నరా?" అనూహ్యకు నొప్పికి తోడు కోపం తన్నుకొచ్చింది. "పోదాం అన్నరు! రెండుసార్లు అన్నరు! నా చెవులతోటి విన్న!"

"నేనా? పోదాం అన్నానా?"

"మరి నేను అబద్ధం చెప్తున్ననా?"

"నేను సెప్తున్నానా?"

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎదుటివాళ్లు అబద్ధమాడుతున్నారని ఇద్దరూ నమ్మారు కూడా. నిజాయితీపరుల మధ్య వచ్చే పోట్లాటలు ఇందుకే అంత తొందరగా తెగవు.

విమలన్ ఇద్దరితోనూ ఫారాలు నింపించాడు. ఇంగ్లీషు ఫారాలు. 'ఆపమని తెలుగులో చెప్పాను' అని దేవన్ ఇంగ్లీషులో రాశాడు. 'పోదాం అని తెలుగులో చెప్పాడు' అని అనూహ్య ఎడమచేత్తో, ఇంగ్లీషులోనే రాసింది. అసలు అన్న మాటేమిటో ఇద్దరూ రాయలేదు. కెమెరాలో బొమ్మ ఉంది గాని, శబ్దం లేదు. సంగతి తేలేదాకా ఉత్తరం మీద సంతకం పెట్టనని విమలన్ చెప్పేశాడు. గడువుకు పదకొండు రోజులుంది.

"మంచు కోసం ఇంత అబద్ధమా?" అంది అనూహ్య మధులికతో. ట్రిప్ పోయినందుకు ఆమెకు బాధ లేదని కాదు. కానీ ట్రిప్ పోతే ఇంకో ఏడాది వస్తుంది. ఆమెకు ఇష్టం కలిగిన మనిషి అబద్ధాలకోరు అయితే మాత్రం, దానికి ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు. రాత్రి అన్నం స్పూనుతో తింటూ కళ్లు తుడుచుకుంది. కారం ఎక్కువైందని మధులికకు చెప్పింది. అది పెరుగన్నం.

* * *

ఏడు రోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఎనిమిదో రోజు ఆదివారం. మధులిక బజారుకు వెళ్లింది. తలుపు తడితే అనూహ్య తీసింది. ఎదురుగా యాభై అయిదేళ్ల ఆవిడ, చేతిలో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్‌తో నిలబడి ఉంది.

"నేను దేవన్ అమ్మని. శాంతాదేవి. వాడికి తెలీదు. మీ ఇల్లు సెంటర్లో అడిగి కనుక్కుని, తెలుక్ ఇంటాన్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేసినాను. ఏదీ, సెయ్యి సూపించమ్మా."

అనూహ్య తలుపు పూర్తిగా తీసింది. చెయ్యి చూపించింది. ఆవిడ ఆ పట్టీని తాకకుండా, దాని చుట్టూ గాలిని నిమిరింది.

"నా కొడుకు దగ్గర నేర్చుకుంటూ దెబ్బ తగిలించుకున్నావు. సూడకుండా ఎలాగుంటాను? ఉత్తరం గురించి రాలేదు. అది మీరూ మీరూ సూసుకోండి. సేప కూర వండినాను. తింటావా నువ్వు?"

కోపం పెంచుకోవడానికి ఈ మనిషిలో ఎక్కడా చోటు దొరకలేదు అనూహ్యకు. రెండు కంచాలు పెట్టింది. తనకు వద్దని ఆవిడ అన్నా వినకుండా ఆవిడను కూర్చోబెట్టి, ఎడమచేత్తో గరిటె పట్టుకుని, అన్నం వడ్డించింది. ఒక గరిటె, రెండు గరిటెలు, మూడో గరిటె.

"పోదుమ్మా, పోదుం," అంది శాంతాదేవి.

అనూహ్య గరిటె పెట్టేసింది. "ఎక్కడికి ఆంటీ? ఇంకా తిననే లేదు మీరు."

"ఎక్కడికేటి?"

"పోదాం అన్నరు కదా."

"పోదామని ఎందుకంటాను? ఇప్పుడే కదా వచ్చినాను! అన్నం పోదుం అన్నాను. సాలు. ఇంకెయ్యకు."

అనూహ్య కుర్చీలో కూలబడింది. "మల్ల అనండి."

"ఏటి?"

"ఆ మాట."

"పోదుం."

హెల్మెట్ పెట్టుకుని ఆ మాట వింటే ఎలా ఉంటుందో వినడానికి, అనూహ్య బాగున్న చేత్తో ఒక చెవి మూసుకుని, భుజంతో ఇంకో చెవి మూసుకుని, మళ్లీ అనమంది. పిల్లకు దెబ్బ బొటనవేలికి కాక తలకు తగిలిందేమోనని శాంతాదేవికి అనుమానం వచ్చింది. అయినా అంది.

పోదాం. అచ్చం అలాగే వినిపించింది.

"ఆంటీ, అది తెలుగు మాటనా?"

"తెలుగు కాకపోతే ఏటి? మా అమ్మ అనేది. మా అమ్మమ్మ అనేది." ఆవిడ వేళ్లు అన్నంలో ఆగిపోయాయి. "తమిళం అయుంటాది. తమిళం వాళ్లూ అంటారు. ఎస్టేటులో అందరం ఒకే వరస ఇళ్లలో ఉన్నాం. ఏ మాట ఎవరిదో ఎవరు సూసినారు? మాది తెలుగనే అనుకున్నాను ఇన్నాళ్లూ."

ఆవిడ గొంతు కొంచెం చిన్నబోయింది. అనూహ్య ఆవిడ పక్కకు జరిగి కూర్చుంది.

"దిమాక్ కూడా మాది కాదు ఆంటీ. ఉర్దూ. ఎవరిదైనా మనం అంటే మనదే. ముందు తినండి. తిన్నంక సెంటర్‌కి పోదాం."

"ఇది ఏ పోదాం?"

"ఇది మా కరీంనగర్ పోదాం. లేచి నడిచేది."

* * *

విమలన్ తమిళుడు. ఫారం వెనకాల అనూహ్య ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దగా రాసిన ఆ ఒక్క మాట చూసి, ముందు కళ్లజోడు తీశాడు, తర్వాత నవ్వాడు, తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. "తప్పు ఎవరిదీ కాదు. ఉత్తరం మీద ఇప్పుడే సంతకం పెడతాను," అన్నాడు ఇంగ్లీషులో.

"ఆ మాటే అరిచినాను," అన్నాడు గోడకు ఆనుకుని నిలబడ్డ దేవన్. నవ్వలేదు. అనూహ్య వైపు చూసి, "సారీ. నువ్వు అబద్ధం సెప్పినావు అనుకున్నాను," అన్నాడు.

"నేను కూడా. నేనే ఎక్కువ అనుకున్న."

"సంతకం పెట్టొద్దు విమలన్," అన్నాడు దేవన్.

గదిలో ఉన్న ముగ్గురూ అతన్ని చూశారు. "దిమాక్ ఖరాబైందా నీకు?" అంది శాంతాదేవి. కొడుకు మెచ్చుకోలుగా అన్న మాటను ఆవిడ సరైన అర్థంలోనే వాడింది.

"తప్పు నాదే అమ్మా. మలాయ్ వాళ్లు వస్తే మొదటి క్లాసులోనే గుప్పెట ఎత్తి సూపిస్తాను, ఇది ఎత్తితే ఆగిపోవాలని. చైనీస్ వాళ్లకి సూపిస్తాను. తమిళం వాళ్లకీ సూపిస్తాను. ఈమెకి సూపించలేదు." అతను అనూహ్య పట్టీని చూస్తూ మాట్లాడుతున్నాడు. "నువ్వు తెలుగు కదా అని. మనకి సైగ ఎందుకు, మాట ఉంది కదా అనుకున్నాను. అది నిర్లక్ష్యం కాకపోతే ఏటి? జరిగింది జరిగినట్టే రాసి పంపు."

అనూహ్యకు అతన్ని తిట్టాలనిపించింది. పద్దెనిమిది రోజుల్లో పదిహేను గడిచాయి, చేతికందిన మంచును తనే తోసేసుకుంటున్నాడు. అదే సమయంలో, ఈ మనిషిని తను వదులుకోలేనని కూడా ఆమెకు స్పష్టంగా తెలిసిపోయింది.

విమలన్ జరిగింది జరిగినట్టే రాసి జపాన్‌కు పంపాడు.

ఆ తర్వాతి వారం సాయంత్రాలు దేవన్ బ్రిక్‌ఫీల్డ్స్ వస్తూ ఉన్నాడు. చెయ్యి ఎలా ఉందో చూడటానికని పేరు. ఇద్దరూ టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్లు. అతనికి కొత్త భయం పట్టుకుంది.

"'ఇల్లు' తెలుగేనా?"

"తెలుగే."

"'నీళ్లు'?"

"తెలుగే."

"'అమ్మ'?"

"అందరిదీ."

"'ఇష్టం'?"

అనూహ్య టీ కప్పు కింద పెట్టింది. "ఎందుకు అడుగుతున్నరు?"

"ఊరికే. వాడేముందు తెలుసుకోవాల కదా. ఇంకో దెబ్బ తగలకూడదు."

వాడతాడేమోనని ఆమె చూసింది. అతను వాడలేదు, బిల్లు కట్టడానికి లేచాడు. ఇలాంటి వాళ్లతో వేగడానికి ఓపిక కావాలి.

* * *

జపాన్ నుంచి జవాబు పదో రోజున వచ్చింది. విమలన్ అనూహ్యకు ఫోను చేసి రమ్మన్నాడు. ఆ పెద్ద కోచ్ మెచ్చుకోలూ రాయలేదు, తిట్లూ రాయలేదు. ఒక ప్రశ్న రాశాడు. 'దెబ్బ తగిలిన విద్యార్థి మళ్లీ ఇదే టీచరు దగ్గర నేర్చుకుంటుందా? ఆమె జవాబు ఆమె చేతనే రాయించి పంపండి. దాన్ని బట్టి నిర్ణయిస్తాను.'

దేవన్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు, బయటికీ పోలేదు.

ఆమె అవును అంటే అతను డిసెంబరు మొదటి వారంలో వెళ్లిపోతాడు, మార్చి ఆఖరుకు గాని రాడు. కాదంటే ఇక్కడే ఉంటాడు, ప్రతి సాయంత్రం టీ కొట్టుకు వస్తాడు, మాటలు ఎవరివో అడుగుతాడు. అనూహ్య విమలన్ కంప్యూటర్ ముందు కూర్చుని, కీబోర్డును దగ్గరికి లాక్కుంది. ఎడమచేతి ఒక్క వేలుతో టైపు చేయడం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది. అయ్యాక కుర్చీ వెనక్కి జరిపింది.

విమలన్ బయటికి చదివాడు. ఇంగ్లీషులో రాసిన దానికి తెలుగు ఇది.

"నేర్చుకుంటాను. నా బరువు నిజం చెప్పేదాకా ఇతను స్కీ బిగించలేదు. నేను సరిగ్గా పడేదాకా నన్ను జారనివ్వలేదు. తన తప్పు ఎవరూ పట్టుకోకముందే తనే పట్టుకున్నాడు. మీ దగ్గర మంచు ఉంది, ఇతన్ని పిలవండి. మార్చి ఆఖరుకు పంపించేయండి. ఇతని కోసం నేను ఎదురుచూస్తూ ఉంటాను, నేర్చుకోవడానికి మాత్రమే కాదు."

విమలన్ చివరి వాక్యం దగ్గర దగ్గాడు. "ఇది కూడా పంపాలా?"

"పంపండి," అంది అనూహ్య. బుగ్గలు ఎర్రబడ్డాయి.

విమలన్ బటన్ నొక్కి, తనకు వేరే గదిలో ఏదో పని ఉందన్నట్టు వెళ్లిపోయాడు. మంచి మేనేజర్.

దేవన్ లోపలికి వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

"నాకు నువ్వంటే ఇష్టం," అన్నాడు. "ఆ వానలో నవ్వినావు, అప్పటి నుంచి."

"ఎంత ఇష్టం?"

ఇలా అడిగితే ప్రాణం కన్నా ఎక్కువ అనాలి. లోకంలో అందరూ అలాగే అంటారు. దేవన్ ఆలోచించాడు.

"మంచు కన్నా ఎక్కువో తక్కువో ఇప్పుడే సెప్పలేను. పదేళ్ల వయసు నుంచి దాన్ని సూడాలనుకున్నాను, ఇంకా సూడలేదు. సూసి సెప్తాను."

ఇంకో అమ్మాయి అయితే లేచి వెళ్లిపోయేది. ఈ సమయంలో కూడా ఒక చిన్న అబద్ధం ఆడలేని మనిషిని చూసి, అనూహ్యకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "సరే. మంచిగ చూసి చెప్పు," అంది. పట్టీ ఉన్న చేతిని జాగ్రత్తగా తప్పించి, ఎడమ చెయ్యి అతని చేతిలో పెట్టింది.

మూడు రోజులకు జపాన్ నుంచి టిక్కెట్టు వచ్చింది.

డిసెంబరు తొమ్మిదిన, ఆఫీసులో క్లయింట్‌తో మీటింగ్ జరుగుతుండగా అనూహ్య ఫోను చిన్నగా వణికింది. దేవన్‌కు తెలుగు రాయడం రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో రెండే రెండు మాటలు పంపాడు.

"సూసినాను. నువ్వే."

ఆమె ఫోను బోర్లా పెట్టింది. కాసేపటికి మేనేజరు, "అనూహ్యా, ఎనీ అప్‌డేట్?" అని అడిగాడు.

"ఏం లేదు," అంది. "జపాన్‌ల మంచు పడుతుందంట."